కారు ఇంజిన్ మిస్‌ఫైర్: పార్టు కొనే ముందు సిలిండర్‌ను పట్టుకోండి

“ఏసీ వేసుకుని ఫ్లైఓవర్ ఎక్కుతుంటే బండి జర్కులు కొడుతోంది. ప్లగ్గులు మార్పించాను, తగ్గలేదు. ఇప్పుడు కాయిల్ మార్చాలా, పెట్రోల్ పంపు మార్చాలా?”

ఇలా అడిగేవాళ్లందరికీ నేను చెప్పేది ఒకటే. ఇప్పుడప్పుడే ఏమీ మార్చకండి. ఇంజిన్‌లో పెట్రోల్ మండే గదులే సిలిండర్లు, వాటిలో ఒకటి సరిగ్గా మండకపోవడమే మిస్‌ఫైర్. మిస్ అవుతున్నది ఏ సిలిండరో ముందు తేల్చండి. ఆ తర్వాత అనుమానం ఉన్న పార్టును ఇంకో సిలిండర్‌కు మార్చి చూడండి. జబ్బు కూడా దానితోపాటు అక్కడికి పోయిందంటే దొంగ దొరికినట్టే. దీనికి పార్టుల ఖర్చేమీ లేదు, ఒక గంట ఓపిక ఉంటే చాలు.

కింద రాసిందంతా మూడు లేదా నాలుగు సిలిండర్ల పెట్రోల్ కారుకు, అందులోనూ నిప్పురవ్వ పుట్టించే ప్రతి ప్లగ్గు నెత్తిన, దానికి వోల్టేజి పెంచి ఇచ్చే కాయిల్ ఒకటి కూర్చునే రకానికి. పాత బండ్ల ప్లగ్ కేబుళ్ల సంగతి, సీఎన్‌జీ సంగతి మధ్యలో వస్తాయి. డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్గులే ఉండవు, దాని దారి వేరు.

1. ఎప్పుడు మిస్ అవుతోందో రాసుకోండి

స్పానర్ కంటే ముందు కాగితం, పెన్ను తీయండి. “ఎప్పుడూ అదే గోల” అంటే ఎవరికీ ఏమీ తెలియదు. రెండు రోజులు గమనించి ఎప్పుడు వస్తోందో రాస్తే సగం అనుమానాలు అక్కడే పోతాయి.

- ఎత్తు ఎక్కుతున్నప్పుడు, నాలుగో గేర్‌లో 40 మీద ఉండి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు జర్కు: ముందు ప్లగ్గులు, కాయిల్స్ చూడాలి. ఇంజిన్ మీద లోడ్ పడితే సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో నిప్పురవ్వ దూకాలంటే ఎక్కువ వోల్టేజి కావాలి. నీరసపడ్డ కాయిల్ సరిగ్గా అక్కడే చేతులెత్తేస్తుంది.
- సిగ్నల్ దగ్గర ఆగితే వణుకు, కదిలి వేగం అందుకుంటే మామూలే: ఎక్కడో గాలి లీకు, లేదా ఇంజిన్‌లోకి గాలిని వదిలే త్రాటిల్ బాడీలో మసి.
- హైవే వేగంలోనే పికప్ చచ్చిపోవడం: పెట్రోల్ సరఫరా, అంటే ఫిల్టర్ లేదా పంపు.
- పొద్దున మొదటి రెండు నిమిషాలే వణుకు, తర్వాత సర్దుకోవడం: పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ కారుతుండొచ్చు, ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ సిలిండర్‌లోకి దిగుతుండొచ్చు. కూలెంట్ మట్టం తగ్గుతోందేమో వారం పాటు గుర్తు పెట్టి చూడండి.
- వాన పడ్డాక, లేదా సర్వీసింగ్‌లో ఇంజిన్ కడిగించాక మొదలవడం: కాయిల్ కింది రబ్బరు బూటులో పగులు, ప్లగ్గు గుంతలో నీళ్లు.

చెక్ ఇంజిన్ లైటు నిలకడగా వెలుగుతుంటే నెమ్మదిగా ఇంటికి చేరొచ్చు. ఆరుతూ వెలుగుతూ మెరుస్తుంటే మాత్రం వెంటనే యాక్సిలరేటర్ వదిలి పక్కకు ఆపండి. సిలిండర్‌లో కాలని పెట్రోల్ సైలెన్సర్ దారిలో పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది. లోపలి తేనెపట్టులాంటి పింగాణీ కరిగిపోతుంది. ప్లగ్గు వందల్లో పోయే ఖర్చు, కన్వర్టర్ వేలల్లో పోయేది. అలా ఆపాల్సి వస్తే ఎండుగడ్డి మీద ఆపకండి, కింద ఆ డబ్బా మండిపోతూ ఉంటుంది.

2. సామాను, జాగ్రత్తలు

- ఓబీడీ స్కానర్, అంటే ఇంజిన్ కంప్యూటర్ దాచుకున్న తప్పుల కోడ్‌లు చదివేది. ఫోన్‌కు బ్లూటూత్‌తో కలిసే చిన్నది చాలు.
- 10 నంబర్ స్పానర్ లేదా సాకెట్. కాయిల్ బోల్టులు ఎక్కువగా ఇదే సైజు.
- ప్లగ్ సాకెట్. 16 మి.మీ. సైజు చాలా బండ్లకు సరిపోతుంది, కొన్నిటికి 14. లోపల రబ్బరో అయస్కాంతమో ఉన్నదే కొనండి.
- పొడవాటి ఎక్స్‌టెన్షన్, ఫీలర్ గేజ్ (సన్న సందులు కొలిచే రేకులు), మల్టీమీటర్, టార్చ్.
- కోడిగుడ్ల అట్ట ముక్క ఒకటి. నవ్వకండి. విప్పిన ప్లగ్గులను వరుస తప్పకుండా పెట్టుకోవడానికి ఇంతకు మించినది నాకు దొరకలేదు.

ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. రాత్రి ఆపి పొద్దున మొదలుపెట్టడం మేలు. సిలిండర్ల మీది అల్యూమినియం మూత (హెడ్) వేడిగా ఉండగా ప్లగ్గు తిప్పితే దానితోపాటు మరలు కూడా ఊడి రావొచ్చు. ఇంజిన్ నడుస్తుండగా కాయిల్‌ను, కేబుల్‌ను చేత్తో పట్టుకోవద్దు. అందులో ఉండేది 20 వేల వోల్టుల పైమాటే. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఆ దరిదాపుల్లోకి రాకూడదు.

3. స్కానర్ పెట్టి కోడ్ చదవండి

స్టీరింగ్ కింద, డ్రైవర్ మోకాళ్ల దగ్గర 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. స్కానర్ గుచ్చి, తాళం ఆన్ చేసి కోడ్‌లు చదవండి.

- పీ0301, 0302, 0303, 0304: చివరి అంకె సిలిండర్ నంబరు.
- పీ0300: ఒకటి అని కాదు, పలు సిలిండర్లలో మిస్ అవుతోంది. ఒక కాయిల్ తప్పు కాకపోవచ్చు. పెట్రోల్, గాలి, లేదా ప్లగ్గులన్నీ ఒకేసారి అరిగిపోవడం గురించి ఆలోచించాలి.
- పీ0351 నుంచి 0354: ఆ నంబరు కాయిల్ సర్క్యూట్లో తప్పు. కాయిల్ కావచ్చు, దానికి వచ్చే వైరు కావచ్చు.
- పీ0171: ఇంజిన్‌కు పెట్రోల్ తక్కువై గాలి ఎక్కువైంది. ఇది మిస్‌ఫైర్ కోడ్‌తో కలిసి కనిపిస్తే కాయిల్ జోలికి పోకుండా నేరుగా 7వ భాగానికి వెళ్లండి.

కోడ్ చెరిపేసే ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ అనే పేజీ తెరిచి ఫొటో తీసుకోండి. తప్పు పట్టుబడిన క్షణంలో ఆర్‌పీఎం ఎంత, లోడ్ ఎంత, ఇంజిన్ వేడి ఎంత అన్నది అందులో ఉంటుంది. కోడ్ చెరిపితే ఇదీ పోతుంది. మెకానిక్ అడిగే మొదటి ప్రశ్నకు జవాబు ఇదే.

ఒకటో సిలిండర్ ఎటువైపు? అడ్డంగా బిగించిన ఇంజిన్లలో ఎక్కువగా బెల్టు, పుల్లీ ఉన్న వైపు నుంచి లెక్క మొదలవుతుంది. గేర్‌బాక్స్ వైపున్నది చివరిది. మీ బండి మాన్యువల్‌తో ఒకసారి సరిచూసుకోండి.

4. విప్పకుండానే కనిపించేవి

ఇక్కడ పది నిమిషాలు చాలు. కానీ వదిలేయొద్దు.

- బ్యాటరీ: రాత్రంతా ఆగి ఉన్న బండిలో 12.6 వోల్టుల దగ్గర, ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి.
- ఎలుకలు: కాయిల్, ఇంజెక్టర్ వైర్లు వరుసగా తడిమి చూడండి. పైన తొడుగు బాగానే ఉండి, మలుపు దగ్గర రాగి తేలి ఉంటుంది. నాలుగు రోజులు కదలని బండిలో ముందు దీన్నే అనుమానించాలి.
- కనెక్టర్లు: ఒక్కోదాన్ని మెల్లగా నొక్కండి. సరిగా కూర్చోనిది ‘టిక్’ మంటుంది. కొన్నిసార్లు మొత్తం సమస్య ఇదే!
- గాలి గొట్టాలు: ఎయిర్ ఫిల్టర్ డబ్బా నుంచి త్రాటిల్ దాకా క్లిప్పులు బిగువుగా ఉన్నాయా, సన్న రబ్బరు పైపులేవైనా ఊడాయా?

5. కాయిల్ తారుమారు పరీక్ష

పీ0302 వచ్చిందనుకుందాం. రెండో కాయిల్ తీసి నాలుగులో, నాలుగోది రెండులో పెడతాం. ప్లగ్గులు ముట్టుకోం. ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలి.

1. తాళం ఆఫ్ చేయండి. రెండు కాయిల్స్ మీదా మార్కర్‌తో అసలు నంబరు రాయండి.
2. కనెక్టర్ లాక్ నొక్కి తీయండి. ఏళ్ల తరబడి వేడికి ఆ ప్లాస్టిక్ అప్పడంలా పెళుసెక్కి ఉంటుంది. వైరు పట్టి గుంజకండి. కనెక్టర్ ముందుకు ఒకసారి నొక్కి, లాక్ వదులయ్యాక వెనక్కి లాగండి.
3. బోల్టు విప్పి, కాయిల్‌ను అటూ ఇటూ కొంచెం తిప్పి అతుకు వదిలాక నిటారుగా పైకి లాగండి. వంచి లాగితే బూటు చిరిగి సగం గుంతలోనే ఉండిపోతుంది.
4. చోట్లు మార్చి బిగించండి. కనెక్టర్లు ఏ సిలిండర్‌వి ఆ సిలిండర్‌కే పెట్టాలి.
5. కోడ్ చెరిపి, మీ కాగితంలో రాసుకున్న పరిస్థితిలోనే నడపండి. ఫ్లైఓవర్ మీద వచ్చే జర్కు ఇంటి ముందు ఐడిలింగ్‌లో (బండి కదలకుండా ఇంజిన్ నడుస్తుంటే) రాదు.

ఇప్పుడు పీ0304 వస్తే కాయిలే దొంగ. మళ్లీ పీ0302 వస్తే కాయిల్ మంచిదే, అదే పద్ధతిలో ప్లగ్గులు మార్చి చూడండి. ప్లగ్గుతో కూడా జబ్బు కదలకపోతే ఆ సిలిండర్ వైరింగ్, ఇంజెక్టర్, కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ నొక్కే ఒత్తిడి) మిగులుతాయి.

కాయిల్‌ను మల్టీమీటర్‌తో కొలవమని వీడియోల్లో చెబుతుంటారు. రెండు పిన్నుల కాయిల్‌కు అది పనికొస్తుంది, ప్రైమరీ వైపు (బ్యాటరీ కరెంటు వచ్చే చుట్ట) ఒకటి రెండు ఓమ్‌ల లోపే ఉంటుంది. మూడు నాలుగు పిన్నులున్నదానిలో లోపల ఎలక్ట్రానిక్స్ ఉంటాయి కాబట్టి ఆ లెక్క కుదరదు. పైగా చల్లగా ఉన్నప్పుడు చక్కటి రీడింగ్ ఇచ్చి, వేడెక్కాక మొరాయించే కాయిల్స్ చాలా ఉంటాయి. నా దృష్టిలో తారుమారు పరీక్షే నమ్మదగ్గది.

పాత బండ్లలో ఒక కాయిల్ రెండు సిలిండర్లకు కరెంటు ఇస్తుంది, 1–4 ఒక జత, 2–3 ఒక జత. జతలో రెండూ కలిసి మిస్ అయితే కాయిల్. ఒక్కటే అయితే ప్లగ్గు లేదా కేబుల్. రాత్రి చీకట్లో బానెట్ ఎత్తి, ఇంజిన్ నడుస్తుండగా దూరం నుంచి చూడండి. పగిలిన కేబుల్ మీద నీలి మెరుపులు కనిపిస్తాయి.

6. ప్లగ్గు విప్పడం, చదవడం, బిగించడం

కాయిల్ తీశాక ప్లగ్గు విప్పే ముందు గుంతలోకి గాలి కొట్టండి. సైకిల్ పంపు చాలు. అక్కడి ఇసుక రేణువు సిలిండర్‌లో పడితే గోడ గీసుకుపోతుంది. ప్లగ్గు గట్టిగా పట్టేస్తే బలం చూపకండి. పావు చుట్టు విప్పి, మళ్లీ కొంచెం బిగించి, మళ్లీ విప్పుతూ రండి.

ఇప్పుడు గుడ్ల అట్టలో వరుసగా పెట్టి, టార్చ్ వెలుగులో నాలుగింటినీ పోల్చండి. ఒక్కదాన్ని చూస్తే ఏమీ తెలియదు. తేడాలోనే విషయమంతా ఉంటుంది.

- లేత గోధుమ లేదా బూడిద రంగు: ఆరోగ్యం.
- పొడి నల్ల మసి, వేలికి అంటేది: పెట్రోల్ ఎక్కువ, లేదా రవ్వ బలహీనం.
- తడిగా, పెట్రోల్ వాసన: ఆ సిలిండర్ అసలు మండటం లేదు.
- జిడ్డుగా నల్లగా: ఇంజిన్ ఆయిల్ లోపలికి వస్తోంది. పిస్టన్ రింగులు లేదా వాల్వ్ సీళ్లు పోయి ఉండొచ్చు.
- తెల్లగా సున్నం కొట్టినట్టు, పొక్కులతో: విపరీతమైన వేడి. గాలి లీకు చూడండి.
- మూడు గోధుమ రంగులో ఉండి, ఒకటి మాత్రం కడిగినట్టు శుభ్రంగా: సంతోషపడకండి. కూలెంట్ ఆవిరి దాన్ని కడుగుతూ ఉండొచ్చు.

తెల్ల పింగాణీ మీద పైనుంచి కిందికి పెన్సిల్‌తో గీసినట్టు సన్న నల్ల గీత ఉందా? కరెంటు ప్లగ్గు మొనకు చేరకుండా ఆ దారిన బాడీలోకి పారిపోతోందన్నమాట. ప్లగ్గుతోపాటు కాయిల్ బూటు లోపలివైపు కూడా అదే గీత ఉంటుంది, బూటు మార్చకపోతే కొత్త ప్లగ్గునూ పాడుచేస్తుంది. అదే పింగాణీ మెడ దగ్గర, లోహం మొదలయ్యేచోట కనిపించే గోధుమ రంగు వలయం మాత్రం మరకే. పొగ లీకవుతోందని చెప్పి దాన్ని చూపించి ప్లగ్గు పారేయిస్తారు. అక్కర్లేదు.

గుంతలో నూనె ఉంటే అది వేరే జబ్బు. మా బండికి ఇదే అయింది. విజయవాడ వెళ్తూ సూర్యాపేట దాటాక జర్కులు మొదలయ్యాయి. తిరిగొచ్చాక ఒక గ్యారేజీలో కాయిల్స్ మొత్తం మార్చారు. నెల తిరక్కుండా మళ్లీ అదే. ఈసారి నేనే రెండో కాయిల్ పైకి లాగాను. బూటు నల్లటి నూనెలో నాని ఉబ్బిపోయి, గోరుతో గిల్లితే జీడిలా సాగింది. ట్యాపెట్ కవర్ ప్యాకింగ్, దానితోపాటు ఉండే ప్లగ్ ట్యూబ్ సీళ్లు పోయాయి. కారేది కాయిల్ కాదు, పైనున్న మూత. కొత్త కాయిల్ వేసినా అదే నూనెలో ముంచుతున్నాం! ప్యాకింగ్, సీళ్లు, ఒక బూటు మార్చాక ఇప్పటిదాకా మళ్లీ రాలేదు.

గ్యాప్, అంటే ప్లగ్గు మొనకు, బయటి కొక్కేనికి మధ్య రవ్వ దూకే సందు సంగతి. మన కార్లలో ఎక్కువగా 0.7 నుంచి 1.1 మి.మీ. మధ్య ఉంటుంది, మీ మాన్యువల్‌లోని అంకే ప్రమాణం. అరిగేకొద్దీ గ్యాప్ పెరిగి కాయిల్ మీద భారం పడుతుంది. అందుకే అరిగిన ప్లగ్గులే కాయిల్స్‌ను చంపుతాయి. సరిచేయాల్సివస్తే బయటి కొక్కెం మాత్రమే వంచండి. ఇరిడియం రకం ప్లగ్గు మొన పెన్సిల్ ముల్లంత సన్నం, గేజ్ దూర్చి తిప్పితే విరిగిపోతుంది. దాన్ని వైరు బ్రష్‌తో, ఎమిరీ కాగితంతో రుద్దకూడదు.

బిగించే క్రమం:

1. కొత్త ప్లగ్గు నంబరు పాతదానితో అక్షరం అక్షరం సరిపోవాలి. ఒక్క అంకె మారినా వేడి తట్టుకునే గుణం మారుతుంది.
2. ప్లగ్గు నెత్తికి చిన్న రబ్బరు పైపు ముక్క తొడిగి గుంతలోకి దించి వేళ్లతోనే తిప్పండి. మర అడ్డంగా పడితే పైపే జారిపోతుంది, హెడ్ పాడవదు.
3. చేత్తో ఆగేదాకా తిప్పాక, వాషర్ ఉన్న కొత్త ప్లగ్గుకు సాకెట్‌తో ఇంకో అర చుట్టు. వాషర్ లేని ఏటవాలు రకానికి చుట్టులో పదహారో వంతే. టార్క్ రెంచ్ ఉంటే 14 మి.మీ. మరకు 25–30 న్యూటన్ మీటర్లు, 12కు 15–20, 10కి 10–12.
4. మరలకు గ్రీజు, నూనె పూయకండి. జారుడు ఎక్కువై తెలియకుండానే అతిగా బిగుస్తుంది.
5. బూటు అంచు లోపల సిలికాన్ గ్రీజు వేలికొసంత రాసి, కాయిల్ ‘టక్’ మని కూర్చునేదాకా నొక్కండి.

7. తప్పు కరెంటుది కాకపోతే

గాలి లీకు: స్కానర్ లైవ్ డేటాలో ఫ్యూయల్ ట్రిమ్ చూడండి. కంప్యూటర్ పెట్రోల్‌ను ఎంత శాతం పెంచుతోందో (ప్లస్), తగ్గిస్తోందో (మైనస్) చెప్పే అంకె అది. అప్పటికప్పటిది షార్ట్, కొంతకాలంగా నేర్చుకున్నది లాంగ్. రెండూ కలిపి ఐడిలింగ్‌లో 10 శాతం దాటి ప్లస్‌లో ఉండి, 2500 ఆర్‌పీఎం దగ్గర సున్నా వైపు దిగితే గాలి లీకే. వేగం పెరిగేకొద్దీ ప్లస్ ఇంకా పెరుగుతుంటే పెట్రోల్ చాలడం లేదు. లీకు వెతకడానికి కార్బ్యురేటర్ క్లీనర్ కొట్టమంటారు. వేడి ఇంజిన్ మీద అది నిప్పుతో చెలగాటం. సన్న పైపు ఒక కొన చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొనను గొట్టాల వెంట తిప్పితే ‘సుయ్’ మనే చోటు దొరుకుతుంది. ఫ్యాన్‌కు, బెల్టుకు చెయ్యి దూరంగా ఉంచండి.

ఇంజెక్టర్: పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజెక్టర్ మీద, పిడి చెవికి. అన్నీ ఒకేలా ‘టిక్ టిక్’ అనాలి. మూగగా ఉన్నదాని కనెక్టర్ ముందు చూడండి. ఇంజెక్టర్లు విప్పడం, పెట్రోల్ ప్రెషర్ కొలవడం ఇంట్లో పెట్టుకోవద్దు. ఆ లైనులో ఒత్తిడి మీద పెట్రోల్ ఉంటుంది.

కంప్రెషన్: ప్లగ్గులన్నీ తీసి, ఇంజెక్షన్, కాయిల్స్ ఆపి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టి గేజ్ చూడాలి. మామూలు పెట్రోల్ ఇంజిన్‌లో 10 నుంచి 13 బార్ ఉంటుంది. అంకె కన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. ఒకటి మిగతావాటికన్నా 15–20 శాతం తక్కువుంటే అందులో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వ్ లేదా హెడ్ గాస్కెట్. ఇక్కడికొచ్చారంటే ఇక మంచి మెకానిక్ పని.

8. సీఎన్‌జీ ఉన్నవాళ్లకు సుఖం

మీ బండిలోనే ఒక పరీక్ష స్విచ్ ఉంది.

- గ్యాస్ మీద మిస్, పెట్రోల్ మీద మామూలు: గ్యాస్ మండాలంటే ఎక్కువ వోల్టేజి కావాలి. కాబట్టి ముందు ప్లగ్గులు, కాయిల్స్. తర్వాతే గ్యాస్ ఫిల్టర్.
- పెట్రోల్ మీద మిస్, గ్యాస్ మీద మామూలు: పెట్రోల్ ఇంజెక్టర్లు లేదా పంపు. నెలల తరబడి పెట్రోల్ వాడని బండ్లలో మామూలే. రోజూ కొంత దూరం పెట్రోల్ మీద నడపండి.
- రెండింటి మీదా మిస్: పై పరీక్షలన్నీ వరుసగా.

గ్యాస్ పైపు జాయింటు మాత్రం మీరు విప్పకూడదు.

9. సెల్ఫ్ తిరుగుతోంది, స్టార్ట్ కావడం లేదు

ఈ వరుసలో చూడండి.

1. తాళం ఆన్ చేశాక ఇమ్మొబిలైజర్ (తాళాన్ని గుర్తుపడితేనే స్టార్ట్ కానిచ్చే ఏర్పాటు) లైటు మెరుస్తూనే ఉందా? రెండో తాళంతో ప్రయత్నించండి.
2. తాళం ఆన్ చేయగానే వెనక సీటు కింద నుంచి రెండు సెకన్లు ‘ఘూం’ అని పంపు వినిపించాలి. లేకపోతే ఫ్యూజు, రిలే.
3. సెల్ఫ్ కొడుతుండగా స్కానర్‌లో ఆర్‌పీఎం సున్నా చూపిస్తే, ఇంజిన్ తిరుగుతోందని కంప్యూటర్‌కు చెప్పే క్రాంక్ సెన్సర్ మీద అనుమానం. దాని కోడ్ పీ0335. వేడి మీద ఆగిపోయి, అరగంట చల్లారాక మళ్లీ స్టార్ట్ అయ్యే బండి కథ తరచూ ఇదే.
4. పెట్రోల్ వాసన గుప్పుమంటే ప్లగ్గులు తడిశాయి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి ఐదారు సెకన్లు సెల్ఫ్ కొట్టండి. చాలా బండ్లలో అప్పుడు పెట్రోల్ ఆగి గాలి మాత్రమే వెళ్తుంది.

10. నేను తరచూ చూసే పొరపాట్లు

- పీ0302 అంటే రెండో కాయిల్ పోయిందనుకోవడం. కోడ్ ఇల్లు చూపిస్తుంది, దొంగను కాదు.
- ప్లగ్గు బాడీకి ఆనించి, చేత్తో పట్టుకుని రవ్వ చూడటం. షాక్ మీకు, చావు కాయిల్‌కు. స్పార్క్ టెస్టర్ వాడండి.
- ప్లగ్గులు, కాయిల్స్, ఇంజెక్టర్ క్లీనింగ్ ఒకే రోజు చేయించడం. తగ్గినా దేనివల్ల తగ్గిందో తెలియదు.
- నాలుగింట్లో ఒక్క ప్లగ్గే మార్చడం. ప్లగ్గులు సెట్‌గా మార్చాలి. కాయిల్ మాత్రం పోయినదొక్కటే చాలు.
- కోడ్ చెరపడానికి బ్యాటరీ తీయడం. ఇంజిన్ కంప్యూటర్ నేర్చుకున్న ఐడిలింగ్ లెక్కలు పోయి కొత్త వణుకు మొదలవుతుంది, దాన్ని పాత జబ్బనుకుంటారు.

11. పని అయ్యాక

- విప్పిన ప్రతి కనెక్టర్ ‘టిక్’ మందా? బానెట్ కింద స్పానర్ మరిచారా? (నేను మరిచాను, రెండుసార్లు.)
- కోడ్ చెరిపి, ఐదు నిమిషాలు ఐడిలింగ్, ఆ తర్వాత ఏసీ వేసి మళ్లీ ఐదు నిమిషాలు.
- మొదట జర్కు వచ్చిన అదే రోడ్డు మీద అదే గేర్‌లో నడపండి.
- కొత్త ప్లగ్గుల తేదీ, కిలోమీటర్లు మాన్యువల్ వెనక పేజీలో రాయండి.
- మంచిదని తేలిన పాత కాయిల్ పారేయకండి. నంబరు రాసి డిక్కీలో పెట్టుకుంటే, ఈసారి తారుమారు పరీక్షకు రోడ్డు పక్కనే పనికొస్తుంది.